డబ్లిన్‌లో ఆఖరి నెల

1937 జులైలో మద్రాసు రాజధానిలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. రాష్ట్ర మంత్రివర్గానికి నాయకుడైన వ్యక్తిని ఆ రోజుల్లో ప్రధానమంత్రి అనేవారు. ఆ పదవి చేపట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి హోసూరు పక్కనున్న తొరపల్లి గ్రామంలో పుట్టి, హోసూరు బడిలో చదువుకున్నవారు. కార్మిక, పరిశ్రమల శాఖలను ఆయన ఒక తెలుగు నాయకునికి అప్పగించారు. ఆ నాయకుడే వరాహగిరి వెంకటగిరి. వి.వి. గిరి అంటేనే దేశానికి తెలుసు.

తొరపల్లి మద్రాసు రాజధానిలో, మైసూరు సంస్థానం పొలిమేరలో ఉండేది. గిరి పుట్టిన బరంపురం అదే రాజధానికి ఉత్తరపు కొసన, గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అది ఆ రాష్ట్రంలో చేరింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం, సంతలో కన్నడం వినిపించినట్లే, బరంపురంలో ఒక వీధిలో తెలుగు, పక్కవీధిలో ఒరియా వినిపిస్తాయి. అలాంటి ఊళ్లో పెరిగిన పిల్లలకు రెండు మూడు భాషలు ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే వచ్చేస్తాయి.

రాజాజీ బెంగుళూరులోనూ మద్రాసులోనూ చదివి న్యాయవాది అయ్యారు. గిరి అదే న్యాయశాస్త్రం కోసం సముద్రాలు దాటి ఐర్లండు దేశానికి వెళ్లారు. అక్కడ ఆయన ఉన్నది మూడేళ్లే. ఆ మూడేళ్లలో చివరి రెండు నెలలు మాత్రం ఆయన తరువాతి జీవితంలో ఎన్నో ఏళ్లకు సరిపోయేంత బరువైనవి.

గిరి 1894 ఆగస్టు 10వ తేదీన జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, కాంగ్రెసు కార్యకర్త. తల్లి సుభద్రమ్మ. గాంధీజీ సహాయ నిరాకరణోద్యమం నడిచిన కాలంలో ఆమె కూడా బరంపురంలో ముందు నిలిచి పనిచేశారు, తరువాత శాసనోల్లంఘన ఉద్యమంలో అరెస్టయ్యారు. ఇంటికి వచ్చేపోయే కక్షిదారుల గోడు, రాజకీయ చర్చ వింటూ గిరి పెరిగారు. ఆయన ప్రాథమిక విద్య, కళాశాల విద్య బరంపురంలోనే సాగాయి. తరువాత 1913లో బారిస్టరు చదువు కోసం విదేశానికి బయలుదేరారు. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు.

అప్పట్లో బారిస్టరు కావాలనుకున్న భారతీయ విద్యార్థులు ఎక్కువగా లండన్ వెళ్లేవారు. అయితే 1909లో మదన్‌లాల్ ధింగ్రా అనే భారతీయ విద్యార్థి లండన్‌లో కర్జన్ వైలీ అనే ఆంగ్లేయ అధికారిని కాల్చి చంపాడు. ఆ తరువాత లండన్‌లోని భారతీయ విద్యార్థులపై నిఘా పెరిగింది. కొందరు విద్యార్థుల చూపు ఐర్లండు రాజధాని డబ్లిన్ వైపు మళ్లింది. ఐర్లండు కూడా ఆంగ్లేయుల పాలనలోనే ఉండేది. తమ దేశాన్ని తామే పాలించుకోవాలని అక్కడి ప్రజలు చాలాకాలంగా పోరాడుతున్నారు. కొద్దికాలం తరువాత మన దేశంలో అనీబిసెంట్ వ్యాప్తిలోకి తెచ్చిన హోంరూల్ అనే మాట పుట్టింది ఆ దేశంలోనే. బానిసదేశంలో పుట్టిన విద్యార్థి మరొక బానిసదేశానికి చదువుకు వెళ్లాడన్నమాట.

విమాన ప్రయాణాలు లేని కాలం అది. ఓడలో ఎర్రసముద్రం, సూయజు కాలువ, మధ్యధరా సముద్రం దాటి ఇంగ్లండు చేరడానికి వారాలు పట్టేది. అక్కడి నుంచి రైలులో పడమటి తీరానికి వెళ్లి, మళ్లీ ఓడ ఎక్కితే డబ్లిన్.

లిఫీ అనే నది డబ్లిన్ నగరాన్ని రెండు పాయలుగా చీలుస్తుంది. నదికి దక్షిణాన సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ అనే పెద్ద ఉద్యానవనం ఉంది. ఆ తోట పరిసరాలలోనే యూనివర్సిటీ కాలేజీ ఉండేది. నదికి ఉత్తరాన న్యాయవాద విద్య నేర్పే కింగ్స్ ఇన్స్ ఉంది. ఈ రెండింటిలోనూ చదివితేగాని భారతీయ విద్యార్థికి బారిస్టరు పట్టా రాదు. పాఠాలు, పరీక్షలు చాలవన్నట్లు, కింగ్స్ ఇన్స్ భోజనశాలలో జరిగే విందులకు నిర్ణయించినన్ని సార్లు హాజరు కావాలనే నియమం కూడా ఉండేది. చట్టం నేర్చుకోవడానికి భోజనం చేయడమేమిటని మన విద్యార్థులు మొదట ఆశ్చర్యపోయి ఉంటే అందులో వింత లేదు.

1914లో యూనివర్సిటీ కాలేజీలో ఏడాది కోర్సులో చేరిన భారతీయుల తొలి జట్టులో పదమూడు మంది ఉన్నారు. వారిలో గిరి ఒకరు. ఆయన, మరొక సహాధ్యాయి అంతటితో ఆగక బి.ఏ. కోర్సులో కూడా చేరారు. గిరికి ఇంగ్లీషు పాఠం చెప్పిన ఆచార్యుడు థామస్ మెక్డొనా. ఆయన కవి, ఐరిష్ స్వాతంత్ర్యం కోసం రహస్యంగా సన్నాహాలు చేస్తున్న వీరుడు. అర్థశాస్త్రం బోధించినవారు థామస్ ఫిన్లే అనే క్రైస్తవ గురువు. రైతులు సహకార సంఘాలుగా కూడితే దళారుల బెడద తప్పుతుందని నమ్మి, ఆ ఉద్యమానికి పనిచేసిన వ్యక్తి ఆయన. అదే కళాశాలలో ప్రాచీన ఐరిష్ చరిత్ర బోధించే ఆచార్యుడు యోన్ మెక్నీల్ ఐరిష్ వాలంటీర్లు అనే దళానికి అధిపతి. ఇలాంటి గురువుల వద్ద చదువుతున్న విద్యార్థికి రాజకీయాలు వద్దని చెప్పడం కష్టమే.

పుస్తకాలలో లేని పాఠం ఒకటి వీధుల్లో జరుగుతూ ఉండేది. గిరి డబ్లిన్ వచ్చిన 1913వ సంవత్సరంలోనే, ఆగస్టు చివర, ఆ నగరంలో ట్రాము కార్మికులు సమ్మె చేశారు. జేమ్స్ లార్కిన్ అనే నాయకుని సంఘంలో ఉండబోమని సంతకం చేసినవారికే పని ఇస్తామని యజమానులు పట్టుబట్టారు. సంతకం చేయనివారికి కార్ఖానాల తలుపులు మూసేశారు. సుమారు ఇరవైవేల మంది కార్మికులు నెలల తరబడి పనిలేక పస్తులున్నారు. ఇంగ్లండులోని కార్మిక సంఘాలు వారి కోసం ఓడలో తిండిగింజలు పంపాయి. 1914 మొదట్లో ఆకలికి తాళలేక కార్మికులు ఓడి పనిలోకి వెళ్లారు. లార్కిన్ తరువాత ఆ సంఘానికి నాయకుడైన జేమ్స్ కానలీ బీదరికంలో పుట్టి, తనంత తాను చదువుకుని రచయిత అయినవాడు.

ఆ కార్మికుల ఇళ్లను చూడటానికి న్యాయ విద్యార్థులు దూరం పోనక్కరలేదు. కింగ్స్ ఇన్స్ భవనానికి ఆనుకుని ఉన్న హెన్రియెట్టా వీధిలోనే అవి ఉండేవి. ఒకప్పుడు జమీందారులు కట్టుకున్న మేడలు ఆనాటికి పాడుబడి, గదికొక కుటుంబం చొప్పున అద్దెకుండే కొంపలయ్యాయి. 1911 జనాభా లెక్కల ప్రకారం ఆ వీధిలోని ఒక్క ఇంట్లో నూరుమంది కాపురముండేవారు. 1913 సెప్టెంబరులో, అక్కడికి దగ్గరలోని చర్చి వీధిలో అలాంటి ఇళ్లు రెండు కూలి ఏడుగురు మరణించారు. విందు ముగించుకుని న్యాయశాల గుమ్మం దాటిన విద్యార్థికి ఎదురుగా కనిపించేది ఈ వీధి. కార్మికుల పక్షాన నిలవాలనే ఆలోచన తనకు ఐర్లండులోనే స్థిరపడిందని గిరి తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

1914 ఆగస్టులో ఇంగ్లండు మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. అదే నెలలో గాంధీజీ దక్షిణాఫ్రికా విడిచి లండన్ వచ్చారు. గిరి డబ్లిన్ నుంచి వెళ్లి ఆయనను కలుసుకున్నారు. యుద్ధంలో గాయపడినవారికి సేవచేసే దళంలో చేరమని గాంధీజీ కోరగా, గిరి మొదట ఒప్పుకున్నారు. తమ దేశాన్ని అణచివేసే సామ్రాజ్యం చేస్తున్న యుద్ధానికి అది సహాయమే అవుతుందనిపించి తరువాత బాధపడ్డారు. గాంధీజీ మాటకు ఎదురుచెప్పడం అప్పటికీ ఇప్పటికీ తేలిక కాదు. ఇరవై ఏళ్ల యువకుని మనసులో ఆ సందేహం కలిగిందంటే డబ్లిన్ గాలి ఆయనకు సోకిందనే అనుకోవాలి.

దక్షిణాఫ్రికాలోని భారతీయుల కష్టాలను గురించి గిరి, ఆయన మిత్రులు కలిసి ఒక కరపత్రం రాసి అచ్చువేయించారు. అక్కడి చెరకుతోటల్లో, గనుల్లో పనిచేస్తున్నవారిలో మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు, తమిళ కూలీలు వేలమంది ఉన్నారు. ఒప్పందం ముగిసినవారు అక్కడే ఉండాలంటే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలని ప్రభుత్వం విధించింది. 1913లో గాంధీజీ నాయకత్వంలో వేలాది కూలీలు నడిచి సరిహద్దు దాటి సత్యాగ్రహం చేశారు. ఆ కూలీలు పడిన పాట్లను విద్యార్థులు ఆ కరపత్రంలో వివరించారు. అది ప్రభుత్వ గూఢచారుల చేతికి చిక్కింది. అప్పటినుంచి డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థుల వెంట పోలీసుల చూపు నీడలా తిరగసాగింది. భారతీయ విద్యార్థులు పేరు వేయకుండా రాసిన వ్యాసాలు ఐరిష్ పత్రికల్లో వెలువడటంతో ఆ అనుమానం మరింత ముదిరింది.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం. పండుగ సెలవు కావడం వల్ల కార్యాలయాలు మూతపడి ఉన్నాయి. ఆ మధ్యాహ్నం ఐరిష్ వీరులు నగరంలోని ముఖ్య భవనాలను ఒక్కసారిగా ఆక్రమించారు. శాక్‌విల్ వీధిలోని పెద్ద తపాలా కార్యాలయం ముందు నిలబడి పాట్రిక్ పియర్స్ అనే ఉపాధ్యాయుడు ఐర్లండు స్వతంత్ర గణతంత్రమని ప్రకటన చదివాడు. హైకోర్టు ఉండే ఫోర్ కోర్ట్స్ భవనం మరొక దళం చేతికి వచ్చింది. గిరికి ఇంగ్లీషు చెప్పిన మెక్డొనా ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో తన దళంతో నిలిచాడు. కళాశాల పక్కనున్న స్టీఫెన్స్ గ్రీన్ తోటలో వీరులు కందకాలు తవ్వారు.

ఆ తోటను గురించి డబ్లిన్ ప్రజలు ఇప్పటికీ చెప్పుకునే సంగతి ఒకటి ఉంది. తోటలోని చెరువులో బాతులుండేవి. వాటికి మేత వేయడానికి తోటమాలి రోజుకు రెండుసార్లు వచ్చేవాడు. అతడు వచ్చినప్పుడు రెండు పక్షాలవారూ కాల్పులు ఆపేవారు. బాతులకు మేత వేసి అతడు వెళ్లిపోగానే మళ్లీ తుపాకులు మోగేవి.

పోరు ఆరు రోజులు సాగింది. ఆంగ్లేయ సైన్యం ఫిరంగులు తెచ్చింది. లిఫీ నదిలోకి యుద్ధనౌక కూడా వచ్చి కాల్పులు జరిపింది. శాక్‌విల్ వీధి తగలబడిపోయింది. 29వ తేదీన వీరులు లొంగిపోయారు. మరణించినవారు 485 మంది అని పరిశోధకులు లెక్కతేల్చారు. వారిలో సగం కంటె ఎక్కువమంది పోరుతో సంబంధంలేని మామూలు జనం. తరువాత మూడువేల మందికి పైగా అరెస్టు చేశారు. సైనిక న్యాయస్థానాలు గదుల్లో విచారణ జరిపి శిక్షలు వేశాయి. మే 3వ తేదీ తెల్లవారుజామున పియర్స్‌ను, టామ్ క్లార్క్‌ను, మెక్డొనాను కాల్చిచంపారు. కానలీకి పోరులో కాలికి గాయమై నిలబడలేని స్థితి. మే 12న అతణ్ణి కుర్చీకి కట్టి కాల్చారు. అంతవరకు ఆ వీరులను తిట్టుకున్న డబ్లిన్ ప్రజలలో చాలామంది ఈ మరణశిక్షల తరువాత వారివైపు తిరిగారు.

నిన్నటిదాకా తరగతిలో కవిత్వం చెప్పిన గురువును అలా చంపారని విన్న విద్యార్థుల స్థితి ఊహించుకోవచ్చు. గిరికి పియర్స్‌తో, కానలీతో, డి వలేరా అనే యువనాయకునితో సంబంధముందని పోలీసులు అనుమానించారు. భారతీయ విద్యార్థుల బసల్లో సోదాలు చేశారు. జూన్ 1వ తేదీన గిరికి తాఖీదు అందింది. నెల రోజుల్లో దేశం విడిచి వెళ్లాలని దాని సారాంశం.

చేతిలో ఉన్నది ముప్ఫై రోజులు. బారిస్టరు పట్టా ఇంకా రాలేదు. బి.ఏ. సగంలో ఉంది. పట్టా ఇవ్వకుండా పంపిస్తే మూడేళ్ల చదువు, తండ్రి పెట్టిన ఖర్చు బూడిదలో పోసినట్లే అవుతుంది. అలా జరగలేదు. జూన్ 21వ తేదీన ఆయనను న్యాయవాదిగా స్వీకరించారు. ఒక చేత్తో వెళ్లిపొమ్మన్న ప్రభుత్వం, మరొక చేత్తో న్యాయస్థానంలో వాదించే అర్హత ఇచ్చినట్లయింది. బి.ఏ. మాత్రం పూర్తికాలేదు.

మామూలు కాలంలో అయితే విదేశంలో చదువు ముగించినవారు ఇంటికి బయలుదేరే ముందు తోటి విద్యార్థులతో కలిసి నాలుగు ఊళ్లు చూసి, ఇంట్లోవాళ్లకు నాలుగు వస్తువులు కొని వస్తారు. పారిస్, రోము చూడాలని ఆనాటి విద్యార్థుల కోరిక. 1916లో ఆ మాట తలవడానికే వీలులేదు. ఫ్రాన్సు యుద్ధభూమిగా ఉంది. గిరికి ఇచ్చిన గడువు ముగిసే సమయానికి, జులై 1న, సోం నది దగ్గర మొదలైన దాడిలో ఒక్కరోజులోనే ఆంగ్లేయ సైనికులు దాదాపు ఇరవైవేల మంది మరణించారు. చూడగలిగినది డబ్లిన్ నగరమొక్కటే. ఆ నగరం కూడా ఆ నెలలో ఎలా ఉన్నదంటే, దానిని చూడటానికి వేడుకగా వెళ్లేవారెవరూ ఉండకూడదు. అయినా జనం వెళ్లేవారు. కూలిన భవనాల ఫోటోలతో పోస్టుకార్డులు అచ్చువేసి అంగళ్లలో అమ్మారు కూడా.

కళాశాల నుంచి కింగ్స్ ఇన్స్‌కు వెళ్లే దారినే చూద్దాం. మూడేళ్లుగా ఆ విద్యార్థుల కాళ్లకు అలవాటైన దారి అది. స్టీఫెన్స్ గ్రీన్ తోటలో కందకాలు తవ్విన నేల. ఎదురుగా వైద్యకళాశాల గోడల నిండా గుళ్ల దెబ్బలు. నది దాటగానే శాక్‌విల్ వీధి మొదట్లో ఐరిష్ ప్రజానాయకుడు డేనియల్ ఓకానెల్ స్మారక విగ్రహం నిలిచి ఉంది. దాని పాదాల దగ్గర రెక్కలతో కూర్చున్న కంచు దేవతామూర్తులకు తుపాకి గుళ్లు తగిలి తూట్లు పడ్డాయి. అటూ ఇటూ హోటళ్లు, దుకాణాలు మొండిగోడలై నిలిచాయి. దగ్గరలోని చిత్రకళా సంస్థ తగలబడి, అక్కడ ప్రదర్శనకు పెట్టిన చిత్రాలన్నీ కాలిపోయాయి. తపాలా కార్యాలయానికి ముందరి స్తంభాలు మిగిలాయి, లోపల పైకప్పు లేదు. దాని ఎదుట, ఆంగ్లేయ సేనాని నెల్సన్ విగ్రహమున్న 134 అడుగుల స్తంభం మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడినుంచి కొంతదూరం నడిస్తే కింగ్స్ ఇన్స్, దాని పక్కనే గదికొక కుటుంబముండే హెన్రియెట్టా వీధి. ఆ వీధిలో ఏ మార్పూ లేదు. బీదరికాన్ని ఫిరంగులు తాకలేదు.

చదువు ముగించుకున్న గిరి కళ్లలో మిగిలిన డబ్లిన్ ఇది. సహాధ్యాయులలో కొందరు చదువు పూర్తి చేయడానికి ఉండిపోయారు. ఆయన వెనుక ఏడాది కూడా భారతీయ విద్యార్థులు ఆ కళాశాలకు వచ్చారు. 1914కు, 1917కు మధ్య అక్కడ చదివిన భారతీయుల సంఖ్య యాభై దాకా ఉంది.

తిరుగు ప్రయాణం కూడా ప్రాణభయంతో కూడినదే. జర్మన్ జలాంతర్గాములు ప్రయాణికుల ఓడలను సైతం వదిలేవి కావు. 1915 డిసెంబరులో బొంబాయికి వస్తున్న పర్షియా అనే ఓడను మధ్యధరా సముద్రంలో ముంచివేశాయి. మూడువందల మందికి పైగా జలసమాధి అయ్యారు. అలాంటి సముద్రాన్ని దాటి 1916లో గిరి క్షేమంగా స్వదేశం చేరుకున్నారు.

మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేయించుకుని, బరంపురంలో న్యాయవాద వృత్తి ప్రారంభించారు. ఆ సంవత్సరమే లక్నోలో జరిగిన కాంగ్రెసు మహాసభకు వెళ్లారు. హోంరూల్ ఉద్యమంలో చేరారు. 1920లో గాంధీజీ పిలుపు విని, బాగా సాగుతున్న వృత్తిని వదిలిపెట్టారు. అంత కష్టపడి తెచ్చుకున్న పట్టాను నాలుగేళ్లకే పక్కన పెట్టడం ఇంట్లోవాళ్లకు ఎలా ఉండి ఉంటుందో! 1922లో కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగు చేసినందుకు మొదటిసారి జైలుకు వెళ్లారు.

బరంపురం మీదుగా పోయే రైలుమార్గం బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ కార్మికుల మధ్యనే గిరి అసలు పని మొదలైంది. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపనలో ఆయన ముఖ్యులు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ కార్మికులను పనిలోనుంచి తొలగించినప్పుడు 1928లో గిరి నాయకత్వంలో పెద్ద సమ్మె జరిగింది. హింసకు తావులేకుండా నడిచిన ఆ సమ్మె తరువాత కంపెనీ, ప్రభుత్వం దిగివచ్చి తొలగించిన కార్మికుల కోరికలను చాలావరకు ఒప్పుకున్నాయి. డబ్లిన్‌లో తిండిలేక ఓడిపోయిన కార్మికుల సంగతి ఎరిగినవారు కనుక, సమ్మెకు ఉత్సాహమొక్కటే చాలదని, రాజీ మాటలకు తలుపు తెరిచి ఉంచాలని గిరి గ్రహించారు. జీవితాంతం ఆయన పద్ధతి అదే. కార్మికులు, యజమానులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని, కోర్టులకు పోవడం ఆఖరి మార్గం కావాలని వాదించేవారు. ఆ పద్ధతిని గిరి విధానమనే పిలిచారు.

1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికీ అదే హోదాలో హాజరయ్యారు. పదిహేనేళ్ల కిందట నెల రోజుల్లో వెళ్లిపొమ్మని తాఖీదు పంపిన ప్రభుత్వమే ఆయనను ఆహ్వానించి కుర్చీ వేసింది.

1937 ఎన్నికలలో ఆయన బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించారు. ఆ రోజుల్లో జమీందారును ఆయన ఊళ్లో ఓడించడం సామాన్యమైన విషయం కాదు. ఆ విజయం తరువాతనే ఆయన తొరపల్లి రాజాజీ మంత్రివర్గంలో చేరారు. యుద్ధంలో భారతదేశాన్ని అడగకుండా దింపినందుకు నిరసనగా 1939లో ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో గిరి మళ్లీ జైలుపాలయ్యారు. ఆ ఖైదులో కొంతకాలం వేలూరు జైలులో గడిచింది.

స్వాతంత్ర్యం వచ్చాక సింహళానికి తొలి హైకమిషనరుగా పనిచేసి, 1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మికమంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలను గురించి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం 1954లో తగ్గించి అమలు చేయాలనుకుంది. ఇరుపక్షాల వాదన విని ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మార్చితే, కార్మికులు ఇక ఎవరిని నమ్మాలని గిరి ఆలోచన. ఆయన వాదన నెగ్గలేదు. పదవిని వదులుకుని బయటికి వచ్చారు. పదవి కోసం మాట మార్చుకునేవారిని చూసి విసిగిన జనానికి ఆ రాజీనామా చాలాకాలం గుర్తుంది.

తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా ఉన్నారు. 1965 నుంచి 1967 వరకు ఆయన నివాసం బెంగుళూరు రాజభవనం, అంటే హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరం. ఇప్పుడు ఫ్యాక్టరీలకు పేరుపొందిన హోసూరు ఆ రోజుల్లో ఇంకా చిన్న పట్టణమే. పరిశ్రమల వాడ అక్కడ 1970లలో వెలిసింది.

1967లో గిరి ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించినప్పుడు జరిగిన ఎన్నికలో ఏ పార్టీ అభ్యర్థిగానూ కాక స్వతంత్రంగా పోటీచేశారు. ప్రత్యర్థి నీలం సంజీవరెడ్డి కూడా తెలుగువారే. మొదటి లెక్కింపులో ఎవరికీ కావలసిన ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్యం ఓట్లు కలిపి లెక్కించాక గిరి గెలిచారు. ఆ సంవత్సరం ఆగస్టు 24న పదవీ స్వీకారం చేశారు.

ఆనాడు ఐర్లండుకు రాష్ట్రపతి ఈమన్ డి వలేరా. 1916లో మరణశిక్ష పడి, తరువాత అది రద్దుకాగా బ్రతికి బయటపడిన దళనాయకుడు ఆయన. డబ్లిన్ పోలీసుల అనుమానాల జాబితాలో ఒకప్పుడు గిరి పేరుతో ముడిపడిన మనిషి. 1973 వరకు ఇద్దరూ ఒకే కాలంలో రెండు స్వతంత్ర దేశాలకు అధ్యక్షులుగా ఉన్నారు.

గిరి పదవీకాలం 1974లో ముగిసింది. 1975లో ఆయనకు భారతరత్న బిరుదు లభించింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. శాక్‌విల్ వీధికి 1924లోనే ఓకానెల్ పేరు పెట్టారు. ఆ వీధి మొదట్లో ఉన్న కంచు దేవతామూర్తుల మీద గుళ్లు చేసిన తూట్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. నగరం చూడటానికి వచ్చే విద్యార్థులకు వాటిని ప్రత్యేకంగా చూపిస్తారు.